కాచిన నీరును ఫ్లోరైడును

వడగట్టి కాచితిమి, ఇక నీటివలన భయము లేదని మనలో పలువురు తలతురు. కలరా, టైఫాయిడు క్రిముల విషయమున నది నిజమే. తెర్లకాచిన నవి చచ్చును. నల్లగొండ జిల్లా గొట్టపుబావులలో కనబడు ఫ్లోరైడు సంగతి వేఱు. నీట కరగియున్న దానిని బట్ట పట్టదు, క్యాండిలు ఫిల్టరును పట్టదు. కాచినకొలది నీరావిరియై పోయి యది మఱింత చిక్కనగును! లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించినచో పసిబిడ్డల పండ్లు మచ్చలుపడును. అంతకు మిక్కిలి హెచ్చిన నీటిని ఏండ్లతరబడి త్రాగినవారి నడుములు వంగిపోవును.

రంగు, వాసన లేని దీనిని కంటితో నెట్లు కనుగొందుము, సోదరీమణులారా? నీటిని పరీక్ష చేయింపవలయును. ఆర్.ఓ. యంత్రము దీనిని చాలవఱకు తొలగించును. పటికయు సున్నమును వేసి తేర్చు ‘నల్లగొండ పద్ధతి’యు తగ్గించును గాని, మోతాదు పరీక్షను బట్టియే. ఆర్.ఓ. యంత్రము బయటికి విడుచు నీటిలో ఫ్లోరైడు చిక్కబడి యుండును. వృథాయని జాలిపడి దానిని వంటకు వాడరాదు.