కూచిపూడి మేళమున సత్యభామ

విజయవాడనుండి బందరు త్రోవను ఉయ్యూరు దాటి, పామఱ్ఱువద్ద దక్షిణమునకు మరలినచో వరిచేల నడుమ కూచిపూడి గ్రామము కానవచ్చును. నేడు మన బాలిక లనేకులు ఈ యూరి పేరుగల నాట్యము నభ్యసించుచున్నారు. కాని ఆ నాట్యమునకు పుట్టినిల్లయిన భాగవతమేళములలో శతాబ్దములతరబడి స్త్రీలకు చోటు లేకుండెనను సంగతి సోదరీమణులలో పలువు రెఱుగకపోవచ్చును. మేళ మనునది యొక కుటుంబమువంటిది. అం దెవ రుండిరి, ఎవరు విడిపోయిరి, ఎవరు క్రొత్తగా వచ్చి చేరిరి యను కథను మా పాఠకురాండ్రకు విన్నవింప దలచితిమి.

ఈ మేళములు చాల ప్రాచీనములు. 16వ శతాబ్ద ప్రారంభమున కూచిపూడి భాగవతులు విజయనగరమునకు బోయి, వీరనరసింహరాయల యెదుట ప్రదర్శన మిచ్చిరని మాచుపల్లి కైఫీయత్తువలన తెలియుచున్నది. సిద్ధవటపు సీమలో సమ్మెట గురవరాజను పాలకుడు ధనమునకై స్త్రీలను హింసించుచుండగా, ఆ ఘోరమునే వారు వేషములు గట్టి చూపిరట. రాయలు గ్రహించి, సైన్యమును బంపి యా క్రూరుని శిక్షించెనట. ఆడువారి దుఃఖమును రాజున కెఱిగించిన యా మేళమున, ఆడువేషము గట్టినవాడును పురుషుడే!

17వ శతాబ్దమున సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి, యీ గ్రామపు బాలురకు నేర్పెననియు, ప్రతి పురుషుడును జీవితమున నొక్కసారియైనను సత్యభామ వేషము గట్టవలెనని వారిచే ప్రమాణము చేయించెననియు ప్రతీతి. గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా వీరి యాటకు మెచ్చి గ్రామమును అగ్రహారముగా నొసగెనందురు. వేదాంతమువారు, వెంపటివారు, చింతావారు, పసుమర్తివారు, భాగవతులవారు మున్నగు కుటుంబములలో తండ్రినుండి కొడుకునకు విద్య సంక్రమించెను.

రాత్రివేళ గ్రామము నడుమ పందిరి, దివిటీల వెలుగు, పాత్ర ప్రవేశించునపుడు దివిటీలపై గుగ్గిలము చల్లగా భగ్గున లేచు మంట. సూత్రధారుడు తాళములు పట్టి నడపును. అతడే భామకు మాధవి, కృష్ణునకు మాధవుడు. తెరవెనుకనుండి సత్యభామ తన జడను తెరపై వేయును. విద్యలో తన్ను మించినవా రున్నచో ఆ జడను కోయవచ్చునని దాని యర్థము. ఇంతటి యభిమానవతి పాత్ర మన జాతికి గర్వకారణమే. కాని పందిటి క్రింద గూర్చుండి చూచిన యాడుబిడ్డకు ఆ జడను తాకు నధికారము లేకుండెను.

స్త్రీలకు నాట్యము రాకపోలేదు. కూచిపూడికి చేరువనున్న మొవ్వ, పదకర్త క్షేత్రయ్య యూరు. ఆ పదములను తరతరములుగా నభినయించి కాపాడినవారు కలావంతులు. ఆ విద్యావతులను లోకము నిందించెను. 1947వ సంవత్సరమున మద్రాసు రాష్ట్రమున దేవదాసీ నిషేధ శాసనము వచ్చెను. దురాచారము తొలగుట మంచిదే. కాని వారి విద్యకు తగిన గౌరవము మాత్రము మిగులలేదు. అన్యదేశములందును ఇట్టి నిషేధము లుండెను. ఇంగ్లండునందు 1660 ప్రాంతమువఱకు నాటకశాలలలో స్త్రీపాత్రలను బాలురే ధరించిరి. జపానునందు 1629వ సంవత్సరమున కబుకి రంగమునుండి స్త్రీలను తొలగించిరి.

20వ శతాబ్దమున మేళములు మాఱజొచ్చెను. చింతా వెంకటరామయ్యగారు స్థాపించిన వేంకటరామ నాట్యమండలి ప్రహ్లాద, ఉషాపరిణయము మొదలగు యక్షగానములతో పేరుగాంచెను. పిమ్మట చింతా కృష్ణమూర్తిగారు దానిని నడపిరి. ఆ మండలిలో వేదాంతము సత్యనారాయణశర్మగారి (1935–2012) సత్యభామను, ఉషను చూచి స్త్రీలే వా రాడువా రనుకొనిరని చెప్పుకొనెదరు. 1970లో వారికి పద్మశ్రీ లభించెను. మఱికొందఱిని చలనచిత్రము లాకర్షించెను. ‘దేవదాసు’ (1953) దర్శకులు వేదాంతము రాఘవయ్యగారు కూచిపూడివారే.

ఇంతలో మేళము తలుపు స్త్రీలకు మెల్లగా తెఱచుకొనెను. 1956లో గతించిన వేదాంతము లక్ష్మీనారాయణశాస్త్రిగారు పూర్వాచారమును లెక్కసేయక స్త్రీలకు విద్య గఱపిరి. యామినీ కృష్ణమూర్తిగారు ఈ నాట్యమును దేశదేశములకు గొనిపోయిరి. వెంపటి చినసత్యముగారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, బాలికలను చేరదీసి, నృత్యనాటకములను ప్రదర్శింపజేసిరి. ఆయన శిష్యురాలు శోభానాయుడుగారు సత్యభామయై నిలువగా, ఆ జడ తనదియే యని స్త్రీ పలుకు దినము వచ్చెను. 2016వ సంవత్సరము డిసెంబరు మాసమున విజయవాడలో 6,117 మంది యొక్కసారిగా నర్తించిరి.

ఈ మార్పున లాభమేకాక నష్టమును గలదు. తెల్లవాఱు దనుక సాగెడి యాట గంట రెండు గంటలలో ముగియు నాట్యమయ్యెను. పదిమంది కూడి నడపిన మేళమునకు మాఱుగా ఒక్కరే నిలుచు రంగము మిక్కుటమయ్యెను. శర్మగారివంటి వారి విద్యను చులుకన చేయుట కృతఘ్నత. స్త్రీహృదయమును శ్రద్ధతో పరిశీలించి, అభినయించి, మన చేతి కందిచ్చినవారు వారే.

సోదరీమణులారా! మన యిండ్ల బాలిక లెనిమిదవ యేట గజ్జె కట్టుచున్నారు. వివాహముతో నా గజ్జెను పెట్టెలో దాచుచున్నారు. మేళమున చోటు దొరకుటకు మూడువందల యేండ్లు పట్టినది. ఇంటిలో ఆ చోటు నిలుపుట మన చేతిలోని పని. కోడలి గజ్జెలను అత్తగారే పెట్టెనుండి తీసి యిచ్చు నింట సత్యభామ జడకు ఏ కొఱతయు రాదని మేము నమ్ముచున్నాము.