మజిలీ లెక్క: కేస్లాపూరునుండి గోదావరి వరకు

దూరపు బాటను నడచి దాటుటకు విశేషమైన దేహబలము కావలెనని పలువురు తలంతురు. నిజమునకు బలముకంటె ముందుగా కావలసినది లెక్క. నీరు ఎచ్చట దొరకును? కొండను ఏ వేళకు దిగవలెను? చీకటిపడుటకు ముందు ఏ ఊరు చేరవలెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసినచో నూరు కిలోమీటర్ల బాట కూడ దినమునకొక తునకగా తెగిపోవును. ఆ తునకనే మన పెద్దలు మజిలీ అనిరి. మజిలీలుగా నడచుట అనగా ఏమో తెలిసికొనుటకు ఆదిలాబాదు కొండలకంటె తగిన తావు మనకు లేదు.

ఈ ప్రాంతమునకు మజిలీ కొత్తది కాదు. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు హైదరాబాదు మీదుగా నాగపురమునకు పోవుచు నిర్మల కనుమల ప్రాంతమును దాటిరి. తమ కాశీయాత్ర చరిత్రలో ఆయన ఊరూరి నీటివసతిని, అంగళ్లను, బాట మంచిచెడ్డలను వ్రాసికొనుచు పోయిరి. తమ వెనుక రాబోవు బాటసారికి పనికివచ్చు సంగతులు అవియేయని ఆయన ఎరుగుదురు. నేటికిని కొండదారి పట్టువారు మొదట అడుగవలసిన సంగతులు అవియే.

ఆయన ప్రయాణము పుస్తకములో నిలిచినది. ఈ కొండలలోనే మరియొక ప్రయాణము కాళ్లలో నిలిచియున్నది. ఇంద్రవెల్లి మండలమందలి కేస్లాపూరులో పుష్య అమావాస్యనాడు నాగోబా జాతర ప్రారంభమగును. గోండులలో మెస్రం వంశీయులకు నాగోబా కులదైవము. ఆ దైవమునకు అభిషేకము చేయుటకు గోదావరి జలము కావలెను. ఆ జలమును తెచ్చుటకై పుష్యమాసమున నెలవంక కనబడిన పిమ్మట మెస్రం పెద్దలు కేస్లాపూరులో కూడి, ఆ యేటి బాటను, మజిలీలను నిర్ణయింతురు. తరువాత తెల్లని వస్త్రములు ధరించి, పాదరక్షలు లేక, జన్నారము మండలమందలి కలమడుగు చెంతనున్న హస్తినమడుగు వరకు నడతురు. అచ్చట గోదావరిని పూజించి, ఝరి అను లోహపాత్రలో జలము నింపుకొని మరల నడచియే వత్తురు. ఒకవైపునకే డెబ్బది, ఎనుబది కిలోమీటర్ల దూరము. దారిలోని పల్లెలవారు వారికి ఆతిథ్యమిత్తురు. తిరుగుదారిలో ఇంద్రవెల్లిలోని ఇంద్రాదేవిని కొలిచి, కేస్లాపూరు మర్రిచెట్టు నీడను విడిసి, అమావాస్యకై వేచియుందురు.

2016లో పాత ఆదిలాబాదు జిల్లా నాలుగు జిల్లాలుగా విభజింపబడిన పిదప ఈ బాట ఆదిలాబాదు జిల్లాలో మొదలై మంచిర్యాల జిల్లాలో ముగియుచున్నది. నడచువారికి మాత్రము అది ఒకటే బాట.

ఇక నేల స్వభావమును చూతము. కేస్లాపూరు, ఉట్నూరు ప్రాంతము ఎత్తైన పీఠభూమి. దక్కను పీఠభూమిని కప్పిన నల్లరాతి పొరలు ఇచ్చటికిని వ్యాపించినవి. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరములకు పూర్వము భూగర్భమునుండి వెలువడిన ద్రవశిలలు చల్లారి ఆ పొరలు ఏర్పడినవి. కావుననే ఇచ్చటి గుట్టలు పెక్కు బల్లపరుపు తలలతో నుండును. వాని నడుమ నల్లరేగడి చేలలో ప్రత్తి, జొన్న పండును. గోదావరి వైపునకు పోవుకొలది నేల పల్లమై, టేకు అడవి దట్టమగును. కావున పోవునప్పటి దారి మొత్తముమీద దిగుడు, వచ్చునప్పటి దారి ఎక్కుడు. దిగుడు సుకరమని మోసపోరాదు. ఎక్కునప్పుడు ఊపిరి అలసిపోవును. దిగునప్పుడు మోకాళ్లు అరిగిపోవును. ఒకే దూరమునకు పోవునాడు ఒక లెక్క, వచ్చునాడు మరియొక లెక్క వేయవలెను.

ఆ లెక్కకు ఒక సూత్రము కలదు. స్కాట్లాండు దేశపు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో దీనిని ప్రతిపాదించెను. సమతలమున గంటకు సుమారు ఐదు కిలోమీటర్లు. ఆపైని ప్రతి మూడువందల మీటర్ల ఎక్కుడునకు అదనముగా అరగంట. ఈ చొప్పున పదునైదు కిలోమీటర్లు నడచి మూడువందల మీటర్లు ఎక్కుటకు మూడున్నర గంటలు పట్టును. ఇది నడక మరగినవారి లెక్క; విశ్రాంతి దీనిలో చేరలేదు. పిల్లలు, వృద్ధులు వెంటనున్నను, ఎండ ముదిరినను, భోజనమునకు ఆగినను రెట్టింపు వేసికొనుట మేలు. అప్పుడు ఏడు గంటలగును. పుష్యమాసమున పగలు సుమారు పదునొకండు గంటలు. ఉదయము ఏడింటికి బయలుదేరినవారు మధ్యాహ్నము రెండింటికి ఊరు చేరుదురు. మిగిలిన నాలుగు గంటలు వృథా కావు. దారి తప్పినను, కాలు బెణికినను కాపాడునవి ఆ గంటలే. చీకటి వరకు నడచెదమని ఏర్పాటు చేసికొన్నవారికి ఆ రక్షణ లేదు.

ఒక్క దినము మాత్రమే నడువగోరువారు మరియొక సంగతి గుర్తింపవలెను. వెళ్లిన దారినే తిరిగి రావలెనన్నచో ఎనిమిది కిలోమీటర్ల తునక పదునారు కిలోమీటర్లగును. కావున సగము కాలము గడచిన వెంటనే, గమ్యము కనుచూపు మేరలో నున్నను, వెనుకకు మరలవలెను. అట్లు కాక రెండవ కొనకు బస్సు సదుపాయము ఉన్నదని ముందే తెలిసికొన్నచో తునక పూర్తిగా నడువవచ్చును. అమెరికాలో 1921లో బెంటన్ మెకే ప్రతిపాదింపగా 1937 నాటికి పూర్తియైన అపలేచియను బాట దాదాపు 3,500 కిలోమీటర్లు. దానిని ఏకబిగిని నడచువారు కొందరే. సెలవు దినములందు ఒక్కొక్క తునకగా నడచి, ఏండ్ల తరబడి ఆ దూరమును కూడబెట్టువారు అనేకులు. అచ్చట చెట్లపై తెల్లని గీతలు దారి చూపును. మన కొండలలో అట్టి గీతలు లేవు. పల్లెవాసుల జ్ఞాపకమే గుర్తు. కావున దారి తెలిసిన ఊరివానిని, అతని శ్రమకు తగిన ప్రతిఫలమిచ్చి, వెంట తీసికొనిపోవుట తప్పనిసరి.

అడవిని గూర్చియు ఒక మాట. జన్నారము పరిసరములందలి కవ్వాల అడవి 1965లో అభయారణ్యముగను, 2012లో పులుల సంరక్షణ కేంద్రముగను ప్రకటింపబడినది. అటవీశాఖవారి అనుమతి లేక దాని లోపలి దారులలో నడువరాదు. అనుమతి ఉన్నను సూర్యోదయమునకు ముందు, సూర్యాస్తమయమునకు పిదప నడక తగదు. టేకు ఆకు రాలి ఎండిన మాఘఫాల్గుణములలో ఒక్క అగ్గిపుల్ల కొండనంతను కాల్చగలదు. మనిషికి మూడు లీటర్ల నీరు, రొట్టెయో అటుకులో, చలికి ఒక దుప్పటి, కాలికి అలవాటైన చెప్పులు చాలును. కొత్త చెప్పులతో కొండ ఎక్కరాదు.

మెస్రం వంశీయుల నడక విహారము కాదు, వ్రతము. దానిలో చొరబడుట మర్యాద కాదు. జాతరకు అందరితోపాటు పోయి దర్శింపవచ్చును. నడకకు వేరొక దినమును, ఊరివారు సమ్మతించిన దారిని ఎన్నుకొనవలెను. మజిలీ పద్ధతిని మాత్రము వారినుండి నేర్చుకొనవచ్చును.

కేస్లాపూరునుండి కలమడుగునకు నేడు మోటారు మీద కొద్ది గంటల ప్రయాణమే. ఆ సంగతి మెస్రం పెద్దలకు తెలియనిది కాదు. అయినను వారు నడచుచునే యున్నారు. మోటారు మీద పోయినచో జలము వేగముగా వచ్చును గాని, నడుమనున్న పల్లెలు, అచ్చటి ఆతిథ్యము, ఏ వాగు ఏ నెలలో ఎండునో తెలిసిన ఎరుక దారిలోనే జారిపోవును. పెద్దవాని వెనుక పిల్లవాడు నడచినంతకాలమే కొండదారి దారిగా నుండును. ఒక తరము నడుచుట మానినచో ముండ్లపొదలు దానిని కప్పివేయును. ఎచ్చట నీరు కలదో చెప్పువారు కూడ ఉండరు. మన ఊరి చుట్టునున్న గుట్టలకును ఇట్టి దారులు కలవు. వానిని ఎరిగిన వృద్ధులు నడువగలిగి యుండగానే, వచ్చు చలికాలమున ఒక్క దినము వారి వెంట నడచి, ఆ దారుల నీటివసతిని, నీడను, దూరమును వ్రాసియుంచుకొనుట మంచిది.