ఫోనులో పాల లెక్క: దిద్దుబాటు, భద్రత

పాల చీటీ చిన్నది. తేదీ, పూట, పాల కొలత, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర, రావలసిన పైకం అన్నీ అందులోనే ఉంటాయి. అయితే అది చొక్కా జేబులో తడుస్తుంది, కొంగుముడిలో నలుగుతుంది. యంత్రం ఇచ్చే నున్నటి కాగితం మీది అచ్చు కొన్నాళ్ళకు వెలిసిపోతుంది. బిల్లు నాడు పైకం తగ్గినట్లు తోచినపుడు చూపడానికి చేతిలో ఏమీ ఉండదు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల సభ్యులలో ఫోను ఉన్నవారు పాల లెక్కను, పశువుల తేదీలను అందులో వ్రాసుకొనుట ఇందుకే మంచిదని మేము చెబుతున్నాము. వ్రాయుట సులభమే. వ్రాసినదానిని ఎట్లు దిద్దవలెను, ఎట్లు దాచవలెను అన్నదే తెలుసుకొనవలసిన విషయం.

ఉదాహరణకు గూగుల్ కీప్ అనే యాప్‌ను తీసుకొందాము. ఇది 2013లో వచ్చినది. డబ్బు చెల్లించనక్కరలేదు. సిగ్నలు లేని పల్లెలోనూ వ్రాసుకొనవచ్చును. సిగ్నలు అందగానే ఆ వ్రాత మీ గూగుల్ ఖాతాలోకి చేరుతుంది. తెలుగు అక్షరాలు నొక్కడం కష్టమనుకొనేవారు కీబోర్డులోని మైకు బొమ్మను తాకి నోటితో చెప్పవచ్చును. కాని అంకెలు మాత్రం చేతితోనే నొక్కండి. “నాలుగున్నర” అన్న మాటను యంత్రం ఎట్లు వింటుందో చెప్పలేము.

ఇక దిద్దుబాటు సంగతి. కాగితం పుస్తకంలో 4.6ను కొట్టివేసి 4.2 అని వ్రాస్తే, కొట్టివేసిన అంకె క్రింద కనబడుతూనే ఉంటుంది. ఎవరు చూసినా ఇక్కడ దిద్దినారని తెలుస్తుంది. ఫోనులో అట్లు కాదు. పాత అంకె చెరిగి క్రొత్తది కూర్చుంటే నోటు చూసినవారికి దిద్దిన గుర్తే ఉండదు. చివరిసారి ఎప్పుడు మార్చినారో మాత్రం నోటు అడుగున కనబడుతుంది. ఏమి మార్చినారో అక్కడ ఉండదు. పైగా ఈ యాప్‌లో “సేవ్” అని ప్రత్యేకంగా నొక్కే పని లేదు. వ్రాసి బయటికి వస్తే చాలు, ఉన్నది ఉన్నట్లు నిలిచిపోతుంది. పిల్లలు ఆడుకొంటూ రెండు అక్షరాలు చెరిపినా అదే నిలుస్తుంది. పొరపాటున చెరిగితే వెనుకకు తిరిగిన బాణం బొమ్మను వెంటనే, నోటు మూయకముందే నొక్కవలెను. మూసిన తరువాత ఆ బాణాన్ని నమ్ముకోరాదు.

గుర్తు లేకుండా మారే లెక్కను సంఘంలో ఎవరు నమ్ముతారు? కార్యదర్శి నమ్మలేదని కోపగించుటలో అర్థం లేదు. ఆయన స్థానంలో మనమున్నా నమ్మము. కాబట్టి ఫోనులోనూ కాగితం పద్ధతినే పాటించవలెను. పాత అంకెను చెరపకుండా దాని క్రిందనే దిద్దుబాటు వ్రాయండి: “12 ఉదయం 4.6 లీ. చీటీ చూడగా 4.2. దిద్దినది 13.” ఇట్లు వ్రాస్తే పొరపాటు ఎక్కడ జరిగినదో, ఎప్పుడు తెలిసినదో రెండూ కనబడతాయి. చీటీ అందిన వెంటనే ఫొటో తీసి ఆ నోటులోనే చేర్చుకొంటే మరీ మంచిది. అచ్చు వెలిసినా బొమ్మ వెలవదు.

కొలత లీటర్లా, కిలోలా అన్నది కూడా ప్రతిసారీ వ్రాయవలెను. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. ఇంట్లో లీటర్లలో కొలిచి 80 అని వ్రాసుకొన్నవారికి, తూకం వేసే కేంద్రంలో 82 కిలోలకు పైగా చూపవచ్చును. అందులో సంఘం అదనంగా ఇచ్చినదీ లేదు, సభ్యుడు పోగొట్టుకొన్నదీ లేదు. మరి తూకంలో కూడా 80 మాత్రమే వచ్చినదనుకోండి, అపుడు తప్పక అడగవలసినదే.

నోటుకు పెట్టే పేరు విషయంలో మన ప్రాంతానికి ఒక చిక్కు ఉన్నది. ఎనుము అంటాము, బర్రె అంటాము, చీటీల మీద గేదె అని చదువుతాము. యాప్‌లో వెతికే గడికి ఈ మూడూ ఒకటేనని తెలియదు. మొదట ఎనుము అని వ్రాసినవారు ఎప్పటికీ ఎనుము అనే వ్రాయండి. పాల లెక్కకు నెలకొక నోటు చాలును. ఆ నెల నోటును పిన్ చేస్తే అది పైననే నిలుస్తుంది. లేబుల్ అనే సదుపాయంతో “పాలు”, “పశువులు”, “దాణా” అని వేరుచేసుకొనవచ్చును. ఆదోనిలో పత్తి చెక్క బస్తా ఏ ధరకు తెచ్చినారో, జొన్నచొప్ప బండికి ఎంత ఇచ్చినారో దాణా నోటులో ఉంటే, పాల పైకంలో మిగిలినదెంతో ఇంట్లో వారందరికీ తెలుస్తుంది. ఇది తెలియడం కొందరు మగవారికి ఇష్టముండదని మాకు తెలుసు!

నెల ముగిసిన నోటును డిలీట్ చేయకండి, ఆర్కైవ్ చేయండి. ఆర్కైవ్ అంటే అటక మీద పెట్టినట్లు. కంటికి అడ్డు రాదు, వెతికితే దొరుకుతుంది. డిలీట్ చేసినది చెత్తబుట్టలోకి పోయి 7 రోజులు మాత్రమే ఉంటుంది, ఆ తరువాత తిరిగి రాదు.

పశువుల తేదీలకు ఒక్కొక్క పశువుకు ఒక్కొక్క నోటు ఉండవలెను. చెవి పోగు మీది 12 అంకెల సంఖ్యను అందులో మొదటి వరుసలో వ్రాయండి. పోగు ఫొటో కూడా చేర్చండి. ఎనుముకు జూన్ 5న సూది వేయించినారనుకొందాము. చూలు నిలవకపోతే సుమారు 21 రోజులకు, అంటే జూన్ 26 ప్రాంతంలో మళ్ళీ ఎదకు వస్తుంది. ఎనుములలో ఎద లక్షణాలు ఆవులలో వలె స్పష్టంగా కనబడవు, ఎండాకాలంలో మరీ కష్టం. ఆ తేదీకి రెండు రోజుల ముందు నుండే కనిపెట్టి ఉండేందుకు గంట బొమ్మను నొక్కి తేదీ పెట్టుకొంటే ఫోనే గుర్తు చేస్తుంది. ఒక ఎద తప్పిపోతే మూడు వారాల మేత వృథా, ఈనిక కూడా అంత వెనుకబడుతుంది. చూలు నిలిచితే రెండు మూడు నెలలకు పశువైద్యునిచే పరీక్ష చేయించవలెను. సుమారు 310 రోజుల లెక్కన ఏప్రిల్ 11 ప్రాంతంలో ఈనుతుంది కనుక, ఫిబ్రవరి 10 నుండి పాలు పితకడం మానవలెను. సూది వేయించిన నాడే ఈ తేదీలన్నీ వ్రాసిపెట్టుకొనవచ్చును.

సుగ్గికి వెళ్ళే కుటుంబాలకు ఈ నోటు మరింత అవసరం. పత్తి తీతకు, మిరప కోతకు వయసువారు గుంటూరు వైపు వెళ్తే ఇంటి దగ్గర అవ్వ, బడికి వెళ్ళే మనుమరాలు ఎనుమును చూసుకొంటారు. ఎప్పుడు సూది వేయించినారో అవ్వకు తెలియదు, పాలు తగ్గినవని కొడుకుకు తెలియదు. నోటును మరొకరి గూగుల్ ఖాతాతో పంచుకొనే వీలున్నది. మనుమరాలు ఇక్కడ వ్రాసినది తండ్రి అక్కడ చూడగలడు, దిద్దనూ గలడు. దిద్దేవారు ఇద్దరైనపుడు వ్రాసిన ప్రతి వరుస చివర పేరులోని మొదటి అక్షరం పెట్టుకోండి. నోటు ఎవరి ఖాతాలో మొదలైనదో వారు డిలీట్ చేస్తే ఇద్దరికీ పోతుందన్నది కూడా ముందే చెప్పుకోవలెను.

ఫోను పోయినా, క్రొత్తది కొన్నా అదే ఖాతాతో తెరిస్తే నోట్లు తిరిగి వస్తాయి. అంగడివారు పెట్టి ఇచ్చిన ఖాతా పేరు, పాస్‌వర్డు మీకు తెలియకపోతే ఇపుడే కనుక్కొని కాగితం మీద వ్రాసి పెట్టెలో పెట్టుకోండి. బ్యాంకు పిన్ నంబరు మాత్రం ఈ నోట్లలో వ్రాయవద్దు. తెరిచి ఉన్న ఫోను ఎవరి చేతిలో పడితే వారు చదవగలరు.

తేడా కనబడినపుడు ఫోనుతో పాటు పాల చీటీలను కూడా సంఘానికి తీసుకొని వెళ్ళండి. ఫోనులోని వ్రాతను చూసి కార్యదర్శి రిజిస్టరు దిద్దజాలరు. ఏ తేదీన, ఏ పూట తేడా ఉన్నదో చూపడానికే అది పనికివస్తుంది. ఆ పూట చీటీని రిజిస్టరుతో సరిచూడమని అడగండి. తరువాతి బిల్లు తయారు కాకముందే అడిగితే లెక్క తేల్చడం ఇరువురికీ సులభం.