చక్కెర మానిన వంటయిల్లు

సికింద్రాబాదునకు ఈశాన్య దిక్కున కాప్రా యను ఊరు కలదు. ఊరనుట యిప్పుడు పాతమాట. 2007వ సంవత్సరమున అది మహా హైదరాబాదు నగరపాలక సంస్థయందు కలిసినది. చెఱువు మాత్రము నేటికిని ఉన్నది. దాని చుట్టును ఇండ్లు క్రమ్ముకొన్నవి. మేము ఆ యూర కాపురముండువారము. మూడేండ్ల క్రిందట మా యింటి యిల్లాలికి మధుమేహ మున్నదని రక్తపరీక్షలో తేలినది. నాటినుండి మా వంటయింట జరిగిన మార్పులను రైతు సోదరుల యెదుట పెట్టుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము. సభ్యులలో పలువురి యిండ్లకు నిదే చిక్కు రానున్నది, లేక వచ్చియే యున్నది. భారత వైద్య పరిశోధన మండలివారి ఆదరణతో జరిగి 2023లో ప్రకటింపబడిన సర్వే ప్రకారము మన దేశమున 10 కోట్ల 10 లక్షలమందికి ఈ వ్యాధి కలదు. దాని గడపయందు నిలిచియున్నవారు మఱి 13 కోట్ల 60 లక్షలు. పట్టణములలో హెచ్చు, అయినను పల్లెలను విడువలేదు.

మొదట ఒక సంగతి చెప్పక తప్పదు. మన యిండ్లలో మగవానికి చక్కెర వ్యాధి వచ్చినచో ఇల్లంతయు పథ్యమునకు దిగును. ఆయనకు వేళకు రొట్టె, వేళకు కూర. అదే వ్యాధి ఆడుదానికి వచ్చినచో ఆమె అందఱికిని అన్నము వండి వడ్డించి, తుదకు కుండలో మిగిలినదానిని పాఱవేయ మనసొప్పక తానే తినును. వైద్యుడు వ్రాసియిచ్చిన పథ్యపు కాగితము గోడకు వ్రేలాడుచుండును. పల్లెలోను పట్టణములోను ఈ తీరు మేము చూచినదే.

మా యిల్లాలును "వ్యాధి నాది గదా, మీరేల అన్నము తగ్గించుకొనవలెను?" అనియే యన్నది. మేము ఒప్పుకొనలేదు. రెండు కుండల వంట రెండు నెలలకంటె నిలువదు. ఆ రెండు వంటల భారమును రోగిపైననే మోపుట న్యాయమును గాదు. ఇంకొక కారణమును గలదు. 2014లో కెనడా దేశపు మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పలు అధ్యయనములను చేర్చి చూచి, దంపతులలో ఒకరికి మధుమేహమున్నచో రెండవవారికి అది యుండు అవకాశము ఇతరులకంటె నూటికి 26 పాళ్లు హెచ్చని తెలిపిరి. దంపతులకు సామాన్యముగా రక్తసంబంధ ముండదు (మేనరికము మాట వేఱు). వారిని కలుపునది ఒకే పొయ్యి, ఒకే తిండి, ఒకే తీరున కూర్చుండు అలవాటు. కావున మాది ఒకే కుండ కావలెనని నిశ్చయించుకొంటిమి.

చక్కెర మానుట యనగా టీలో చక్కెర మానుటయే యని చాలమంది తలంతురు. అది పదిదినముల పని. మొదట టీ కషాయమువలె నుండును, పిదప నాలుక దారికి వచ్చును. ఇప్పుడు బంధువుల యింట నిచ్చు టీ మాకు పాయసమువలె తోచుచున్నది. అసలు చిక్కు కంచములో నున్నది. అన్నములోని పిండిపదార్థము కడుపులో విడిపోయి గ్లూకోజుగా మాఱి రక్తమున చేరును. మరలో తెల్లగా పట్టిన బియ్యమునకు తవుడు పోవుటచే ఈ పని మిక్కిలి త్వరగా జరుగును. దినమునకు రెండు పూటలు కంచము నిండ అన్నము తినుచు, టీలో చెంచాడు చక్కెర మానితిమని సంతసించుట చెఱువుకట్ట తెగియుండగా పిల్లకాలువకు అడ్డు వేయుట వంటిది.

పెద్దలనాడు తెలంగాణమున పేదయింట వరియన్నము పండుగ భోజనము. జొన్నరొట్టె, గట్క, అంబలి నిత్యాహారము. 1983లో కిలో 2 రూపాయల బియ్యపు పథకము వచ్చినది మొదలు వరి ప్రతి కంచమునకు చేరినది. ఆకలి తీర్చిన పథకమును తప్పుపట్టుట మా తలంపు గాదు. అయితే నాగలి, మోట విడిచి ట్రాక్టరును, విద్యుత్తు మోటారును పట్టిన రైతు ఒడలి శ్రమ తగ్గినది. కంచములోని అన్నము తగ్గలేదు. మాకు సమీపమున తార్నాకలో నున్న జాతీయ పోషకాహార సంస్థవారు (1918లో కూనూరున మెక్‌కారిసన్ దొర ఆరంభించిన పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి యీ సంస్థయైనది) 2024 నాటి ఆహార సూత్రములలో, మనకు వలయు శక్తిలో ధాన్యములనుండి వచ్చునది నూటికి 45 పాళ్లు మించరాదనిరి.

మేము అన్నమును పూర్తిగా విడువలేదు. మధ్యాహ్నము తలకొక చిన్న గిన్నెడు. ముందు కూరయు పప్పును తిని, తరువాతనే అన్నము. రాత్రి జొన్నరొట్టె. చేతితో రొట్టె తట్టుట మా యిల్లాలికి పుట్టినింటి విద్య. మేమును నేర్చుకొనుచున్నాము, మా రొట్టె ఇప్పటికిని అంచుల పగిలి దేశపటమువలె నుండును. భోజనానంతరము ఇద్దఱము పదునైదు నిమిషములు నడతుము.

చిరుధాన్యము లెంతైనను తినవచ్చునను భ్రమ యొకటి, ఐక్యరాజ్యసమితివారు 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినప్పటినుండి, బాగుగా వ్యాపించినది. కొఱ్ఱలలోను అధికభాగము పిండిపదార్థమే. పీచుండుటచే నెమ్మదిగా జీర్ణమగును, అంతే. రాగులను మెత్తగా విసరి పలుచని జావ కాచి త్రాగినచో రక్తములోని చక్కెర వెంటనే పైకెక్కుట ఇంటి పరీక్ష యంత్రములో మేము చూచితిమి. అదే పిండిని రొట్టెగా చేసి కూరతో తిన్ననాడు అంత యెక్కలేదు.

బెల్లము మాట యెత్తినచో చెఱకు రైతులు మన్నింతురు గాక. 1933లో ఏటికొప్పాక రైతులు సహకార చక్కెర కర్మాగారమును నిలుపుకొన్నది మొదలు చెఱకు మన యుద్యమమునకు చుట్టము. అయినను బెల్లములో ఇనుము వంటి లవణములు కొలదిగా నున్నను అధికభాగము చక్కెరయే. తేనెయు తాటిబెల్లమును అట్టివే. "షుగర్ ఫ్రీ" బిస్కత్తులలో మైదాపిండి యుండును. ఆరోగ్యవంతులకైనను ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2015లో దినమునకు సుమారు 50 గ్రాముల చక్కెరను హద్దుగా పెట్టి, 25 గ్రాములలోపున నిలిచినచో మఱింత మేలనిరి. 25 గ్రాములనగా ఆఱు చిన్న చెంచాలు.

పండుగల సంగతి వేఱు. బోనాలనాటి బెల్లపన్నమును, బతుకమ్మనాటి మలీదను కాదనుట కష్టము. చిటికెడు కన్నుల కద్దుకొని నోట వేసికొందుము. మిగిలినది పొరుగింటి పిల్లలకు. సంక్రాంతి సకినాలలో తీపి లేదు గాని బియ్యపుపిండియు నూనెయు గలవని మా యిల్లాలు గుర్తుచేయును. చుట్టములు "ఒక్క లడ్డునకేమగును?" అని బలవంతపెట్టుదురు. ఆ మాటకు ఆమె బదులు చెప్పనక్కఱ లేకుండ మేమే ముందుగా వలదందుము. ఇద్దఱును వలదన్నచోట బలవంతము చల్లారును.

ఇక ప్రాణముతో ముడివడిన మాట. మాత్రలు మ్రింగుచునో ఇన్సులిన్ తీసికొనుచునో యున్నవారు వైద్యునకు తెలుపక తిండిని ఒక్కసారిగా తగ్గింపరాదు. గ్లిమెపిరైడు వంటి కొన్ని మాత్రలు, తిండి యున్నను లేకున్నను, రక్తపు చక్కెరను దించుచునే యుండును. పథ్యము మొదలైన రెండవ వారమున ఒక ఉదయము మా యిల్లాలికి చెమటలు పట్టి, చేతులు వణకి, కన్నులు బైర్లు క్రమ్మెను. యంత్రమున 58 చూపినది; 70కి దిగువ నున్నచో అపాయము. మూడు చెంచాల చక్కెరను నీట కలిపి త్రాగించి, పదునైదు నిమిషములకు మరల చూడగా 90. ఆ వారముననే వైద్యుడు మాత్రను తగ్గించెను. తెల్లవాఱుజామున మాత్ర వేసికొని, ఏమియు తినక నాటునకో కోతకో పోవు స్త్రీలు మన పల్లెలలో నెందఱో కలరు. పొలముగట్టున పడిపోయినవారిని ఎండదెబ్బ యనుకొని నీడకు చేర్చి ఊరకుండుటయు కలదు. తెలివియున్నచో చక్కెరనీరు త్రాగింపవలెను; తెలివి తప్పినవారి నోట నేమియు పోయక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. చక్కెర మానిన మా యింట చక్కెర డబ్బా నేటికిని అలమరలో నున్నది. "మందు" అని దానిపై కాగిత మంటించితిమి.

మూడు నెలల సగటును తెలుపు పరీక్షలో ఆమెకు 9 ఉండినది 7కు దిగినది. మాకు వ్యాధి లేదు. బరువు 5 కిలోలు తగ్గినది.

జొన్నలకు కాప్రా దుకాణములలో వెల హెచ్చు. మా వీథిలోని పది కుటుంబములు చేరి జహీరాబాదు ప్రాంతపు రైతులయొద్దనుండి నేరుగా బస్తాలు తెప్పించుకొనుచున్నవి. రైతునకు రెండు రూపాయలు ఎక్కువ దక్కును, మాకు రెండు తగ్గును. సహకార దుకాణములున్న గ్రామములు ఈ పనిని మాకంటె సులువుగా చేయగలవు. పిండిని మాత్రము ఒక్కసారిగా ఆడించి నిలువచేయరాదు. పక్షము దాటిన జొన్నపిండి చేదెక్కును, రొట్టె తట్టుచుండగనే విఱిగిపోవును.