కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్‌లో కోడ్ విశ్లేషణ

బృందంలో ఎవరు కోడ్ మార్చి ఉమ్మడి రిపాజిటరీకి పంపినా సర్వర్ వెంటనే బిల్డ్ చేసి పరీక్షలు నడపడమే కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్ అని మీకు తెలుసు. ఈ వరుసలో కోడ్ విశ్లేషణను ఎందుకు, ఎలా చేర్చాలో ఇప్పుడు తెలుసుకుందాం.

ప్రోగ్రామును నడపకుండానే కోడ్‌ను పరిశీలించి లోపాలను గుర్తించడాన్ని స్థిర విశ్లేషణ అంటారు. 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సి భాషకు రాసిన లింట్ ఈ కోవలో తొలితరం సాధనం.

ఉదాహరణ: ఐఫోన్, మ్యాక్ సాఫ్ట్‌వేర్‌లోని ఒక భద్రతా లోపాన్ని ఆపిల్ సంస్థ 2014 ఫిబ్రవరిలో సరిదిద్దింది. సర్వర్ డిజిటల్ సంతకాన్ని సరిచూసే ఫంక్షన్‌లో 'గోటూ ఫెయిల్' అనే వాక్యం వెంటవెంటనే రెండుసార్లు పడింది. మొదటిది ఇఫ్ షరతుకు లోబడినది. రెండోదానికి ఏ షరతూ లేదు; అందువల్ల నియంత్రణ అక్కడికి వచ్చిన ప్రతిసారీ అది అమలైంది. దాని కిందనున్న సంతకం తనిఖీ జరగనేలేదు. అప్పటికి దోష సంకేతం సున్నాగా ఉండటంతో ఫలితం 'సరే' అని వచ్చింది. మోసగాడు మధ్యలో చేరి, అసలు సర్వర్‌గా నటించి, వినియోగదారుల సమాచారాన్ని చదివే వీలు కలిగింది.

సరైన సంతకంతో చేసే పరీక్షలో ఈ లోపం కనిపించదు. 'ఈ కోడ్‌కు నియంత్రణ ఎప్పటికీ చేరదు' అన్న క్లాంగ్ కంపైలర్ హెచ్చరిక దీన్ని పట్టగలదు. కాని 'వాల్' అనే ఐచ్ఛికంలో ఆ హెచ్చరిక లేదు, విడిగా కోరాలి. అంటే సాధనం ఉంటే చాలదు, ప్రతి మార్పుకూ అది తప్పక నడిచే ఏర్పాటు ఉండాలి.

చేర్చే పద్ధతి:

1. విశ్లేషణను ప్రతి మార్పుకూ, పరీక్షలకు ముందే నడపాలి.

2. పాత కోడ్‌పై మొదటిసారి నడిపితే వందలాది హెచ్చరికలు రావచ్చు. వాటిని బేస్‌లైన్‌గా నమోదుచేసి, కొత్త మార్పు వల్ల వచ్చిన హెచ్చరికలకే బిల్డ్‌ను ఆపాలి. పాతవాటిని క్రమంగా సరిదిద్దాలి.

3. తప్పు లేనిచోట పదేపదే తప్పు చూపే నియమాన్ని, కారణం రాసిపెట్టి, తొలగించాలి. లేకుంటే నిజమైన హెచ్చరికలనూ ఎవరూ పట్టించుకోరు.

"హెచ్చరికే కదా, దోషం కాదుగా" అని విద్యార్థులు దాటిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. బిల్డ్ ఆగితే అలా దాటిపోవడం కుదరదు.

అయితే ఈ సాధనానికి మన ఉద్దేశం తెలియదు. 10 శాతం వడ్డీ వేయవలసిన చోట 12 శాతం వేస్తే అది మౌనంగా ఉంటుంది. కనుక పరీక్షలు, తోటివారి సమీక్ష కూడా అవసరమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై ఉదాహరణలోని లోపాన్ని బయటపెట్టాలంటే ఎలాంటి సంతకంతో పరీక్షించాలి? ఎందుకు?