బావిలో గేజి ఎవరు చూస్తున్నారు?

కోనసీమ తీరగ్రామాల్లోని వ్యవసాయ కూలీకి ఒక సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. సముద్రానికి దగ్గర్లో బోరు వేసి, పగలూ రాత్రీ ఆపకుండా తోడితే కొన్నాళ్ళకు నీళ్ళు ఉప్పనవుతాయి. పైనున్న మంచినీరు తగ్గేకొద్దీ కిందనున్న ఉప్పునీరు లేస్తుంది. తర్వాత మోటారు ఆపినా ఆ బోరు ఓ పట్టాన బాగుపడదు. గ్యాసు బావి కథా దాదాపు ఇంతే.

భూమి కింద గ్యాసు చెరువులాగా నిలవుండదు. తడి ఇసుకలో నీరున్నట్టు రాతి సందుల్లో గొప్ప ఒత్తిడి మీద ఇరుక్కుని ఉంటుంది. తీసేకొద్దీ ఒత్తిడి పడిపోతుంది. అందుకే బావిలోకి గేజి దించి కొలుస్తారు. అప్పుడప్పుడు బావి మూసి, ఒత్తిడి ఎంత త్వరగా పుంజుకుంటుందో చూస్తారు. గ్యాసుతోపాటు నీరెంత, ఇసుకెంత వస్తోందో రాసుకుంటారు. ఇంత గ్యాసు తీస్తే ఇంత ఒత్తిడి పడింది గనక లోపల ఇంత ఉండాలని లెక్క కడతారు. ఇదేం బ్రహ్మవిద్య కాదు. కాకపోతే ఆ అంకెలు ఎవరి చేతిలో ఉంటాయన్నదే అసలు పేచీ.

కాకినాడకు ఎదురుగా నడిసముద్రంలో రిలయన్స్ కంపెనీకిచ్చిన కేజీ-డి6 బ్లాకునే తీసుకుందాం. 2006లో అక్కడి ప్రణాళికను సవరించారు. రోజుకు 4 కోట్ల ఘనపు మీటర్లన్నది 8 కోట్లయింది. ఖర్చు అంచనా సుమారు 240 కోట్ల డాలర్ల నుంచి 880 కోట్ల డాలర్లకు ఎగబాకింది. 2009 ఏప్రిల్‌లో గ్యాసు మొదలైంది. 2010లో 6 కోట్లు దాటింది. అంతే, అక్కడినుంచి జారుడే. 2013-14కి ఒకటిన్నర కోటి కూడా లేదు.

ఎందుకు పడిపోయింది? అనుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం అన్నది. అది కాదు, రాతి పొరలే అనుకున్నట్టు లేవు, నీరూ ఇసుకా బావుల్లోకి వచ్చాయని కంపెనీ అన్నది. 2011 చివర్లో తగాదా మధ్యవర్తుల ముందుకెళ్ళింది. నిక్షేపం లెక్కను మాత్రం మొదట చెప్పినదాంట్లో మూడోవంతు దరిదాపుకు దించేశారు. అప్పటికే ఆ పెద్ద లెక్క చూపించి ఖర్చులకు ఒప్పందాలు అయిపోయాయి! ఒప్పందం ప్రకారం కంపెనీ ముందు తన ఖర్చు రాబట్టుకుంటుంది, ప్రభుత్వ వాటా పెరిగేది ఆ తర్వాతే. కౌలుకిచ్చిన భూమిలో పంట ఖర్చు కౌలుదారే రాసి, మిగిలింది పంచుకుందామన్నట్టు. మన పల్లెల్లో ఏ ఆసామీ దీనికి ఒప్పుకుంటాడు?

దెబ్బ ఎవరికి తగిలింది? ఈ గ్యాసులో మొదటి వాటా ఎరువులకు, కరెంటుకు ఆ తర్వాత. 2013 నాటికి కరెంటు కేంద్రాలకు ఇక్కడి గ్యాసు రావడం ఆగిపోయింది. ఈ గ్యాసును నమ్ముకుని ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల్లో కట్టిన కేంద్రాలు మూలపడ్డాయి. మోటారు ఆగితే రైతుకు మడి ఎండుతుంది, కూలీకి ఆ వారం నాట్లుండవు. గేజి ముల్లు కిందికి జారడం ఇంతదాకా వస్తుంది.

ఆ పాత క్షేత్రాన్ని 2020 ఫిబ్రవరిలో మూసేశారు. అదే ఏడాది డిసెంబరు నుంచి అదే బ్లాకులో వేరే క్షేత్రాలు తెరిచారు. గాడిమొగ దగ్గర గ్యాసు మళ్ళీ ఒడ్డుకొచ్చింది. ఈ బావుల్లో ఒత్తిడి ఎంత, నీరు ఎంత అన్నది నెలనెలా, బావి వారీగా, తెలుగులో జనం ముందు పెట్టమని అడుగుతున్నాం. గాడిమొగ పంచాయతీ గోడ మీద ఆ నాలుగు అంకెలు రాయడానికి ఒక సున్నం డబ్బా చాలు.