జ్వరం తగ్గినా వదలని కీళ్ల నొప్పి
అండమాన్ చికున్‌గున్యా మిగిల్చిన ప్రశ్న

శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్): శరీరాన్ని కాపాడవలసిన రోగ నిరోధక వ్యవస్థే ఎదురు తిరిగి సొంత అవయవాలపై దాడి చేయడానికి వైరస్‌లు కారణమవుతున్నాయా? వైద్య పరిశోధకులను దశాబ్దాలుగా వేధిస్తున్న ఈ ప్రశ్న 2006లో అండమాన్ దీవులకూ ఎదురైంది.

2005 చివరలో ఆంధ్రప్రదేశ్‌లోనూ, పొరుగు రాష్ట్రాల్లోనూ తిరిగి తలెత్తిన చికున్‌గున్యా 2006 జూలైలో దీవుల్లో విజృంభించింది. దోమకాటుతో వ్యాపించే ఈ జ్వరం సాధారణంగా వారం రోజుల్లో తగ్గుతుంది. కీళ్ల నొప్పులు మాత్రం కొందరిని నెలల తరబడి, మరికొందరిని ఏళ్ల తరబడి పీడిస్తాయి. గడియార స్తంభం చుట్టూ విస్తరించిన అబర్డీన్ బజార్ వంటి వాణిజ్య కూడలిలో మూటలు మోసేవారికి, దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసేవారికి ఇది జీవనోపాధి సమస్య. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు.

నరాలపైనా ప్రభావం

భారత వైద్య పరిశోధన మండలి 1983లో ఇక్కడ నెలకొల్పిన ప్రాంతీయ కేంద్రం ఈ వ్యాధిపై అధ్యయనాలు జరిపింది. చికున్‌గున్యా సోకిన తర్వాత అవయవాలు హఠాత్తుగా చచ్చుబడిన నలుగురు రోగుల వివరాలను డాక్టర్ పి.విజయాచారి తదితరుల బృందం 2008లో ప్రచురించింది. వైరస్ నేరుగా నరాలను దెబ్బతీసినా, రోగ నిరోధక వ్యవస్థ పొరపాటున నరాలపై దాడి చేసినా ఇటువంటి స్థితి ఏర్పడవచ్చు. రెండవ కోవకు చెందినదే గులియన్ బారే సిండ్రోమ్.

పొరపాటు ఎక్కడ?

వైరస్‌లోని కొన్ని ప్రొటీన్లు మనిషి కణాల్లోని ప్రొటీన్లను పోలి ఉండవచ్చు. అప్పుడు వైరస్‌ను ఎదుర్కొనేందుకు తయారైన యాంటీబాడీలు సొంత కణాలనూ శత్రువులుగా భావిస్తాయి. అమెరికాలో కోటి మందికి పైగా సైనికుల సమాచారాన్ని పరిశీలించిన హార్వర్డ్ శాస్త్రవేత్త అల్బెర్టో అషెరియో బృందం, ఎప్‌స్టీన్ బార్ వైరస్ సోకిన తర్వాత మల్టిపుల్ స్క్లిరోసిస్ ముప్పు 32 రెట్లు పెరుగుతున్నట్లు 2022లో వెల్లడించింది. అయితే ఆ వైరస్ సోకినవారిలో అత్యధికులకు ఆ జబ్బు రాదు. వైరస్‌కు మరికొన్ని కారణాలు కూడా తోడు కావాలన్నమాట.

తేలవలసిన అంశం

చికున్‌గున్యా అనంతరం వచ్చే కీళ్ల వాపు పైకి రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్‌ను పోలి ఉంటుంది. వైరస్ అవశేషాలు కీళ్లలో మిగిలిపోవడమే కారణమని ఒక వాదం. వైరస్ వెళ్లిపోయినా రక్షణ వ్యవస్థ శాంతించకపోవడమే కారణమని మరొక వాదం. చికిత్సకు ఈ తేడా కీలకమైనది. రోగ నిరోధక శక్తిని అణచివేసే మందులు రెండవ సందర్భంలో మేలు చేస్తాయి. మొదటి సందర్భంలో అవే మందులను ఆచితూచి వాడవలసి ఉంటుంది.

ఈ చిక్కుముడి పూర్తిగా వీడే వరకు దోమల నివారణే ప్రధాన రక్షణ. జ్వరం తగ్గిన తర్వాత కూడా వారాల తరబడి నొప్పులు కొనసాగితే సొంతంగా మాత్రలు మింగకుండా వైద్యులను సంప్రదించాలి. కాళ్లూ చేతులూ హఠాత్తుగా బలహీనపడితే క్షణం ఆలస్యం చేయరాదు.